పిన్ను దూరితే అడాప్టర్ సరిపోయినట్టేనా?

సంపాదకుల వారికి,

వేసవి సెలవులు వచ్చాయంటే విజయవాడ ఇళ్లలో అటకల మీది డబ్బాలు కిందికి దిగుతాయి. వాటిలో పాత వీడియో గేములూ ఉంటాయి. మెగా డ్రైవ్, సూపర్ ఫామికామ్, ప్లేస్టేషన్ 2, క్యాసెట్ పెట్టి ఆడే చైనా టీవీ గేములు. కన్సోల్ (గేమ్ పెట్టె) ఉంటుంది, రిమోట్లు ఉంటాయి, అడాప్టర్ ఒక్కటే కనబడదు. ఎప్పుడో ఎవరో దాన్ని రేడియోకో రూటర్‌కో వాడేసి ఉంటారు. అప్పుడు కన్సోల్‌ను సంచిలో పెట్టుకుని బీసెంట్ రోడ్డుకో గవర్నర్‌పేటకో వెళ్లి ‘దీనికి పట్టేది ఇవ్వండి’ అని అడుగుతారు. కొట్టతను నాలుగైదు పిన్నులు దూర్చి చూసి, పట్టినదాన్ని చేతిలో పెడతాడు. మూడు దశాబ్దాలు చెక్కుచెదరకుండా ఉన్న కన్సోల్ చెడిపోయేది సరిగ్గా అక్కడే. పాత వీడియో గేములు కొనేవారికీ అమ్మేవారికీ పనికొస్తుందని ఈ సంగతి కాస్త వివరంగా రాస్తున్నాం.

పిన్ను పట్టడం అన్నిటికంటే చివరి ప్రశ్న. దానికి ముందు తెలుసుకోవలసినవి నాలుగు. కన్సోల్‌కి కావలసింది ఏసీయా డీసీయా? ఎన్ని వోల్టులు? ఎంత కరెంటు? డీసీ అయితే పిన్ను మధ్య భాగం ప్లస్సా మైనస్సా? వీటికి జవాబు చాలా వాటిలో కన్సోల్ అడుగున ఉన్న చీటీ మీదో, వెనక సాకెట్ పక్కనో అచ్చయి ఉంటుంది. మధ్యలో చుక్క, దాని చుట్టూ అర్ధచంద్రాకారం ఉన్న బొమ్మను వెతకండి. చుక్క నుంచి గీత మైనస్ గుర్తుకి వెళ్తే మధ్య మైనస్, ప్లస్‌కి వెళ్తే మధ్య ప్లస్. ఈ రోజుల్లో ఇళ్లలో దొరికే రూటర్, సీసీ కెమెరా అడాప్టర్లు దాదాపు అన్నీ మధ్య ప్లస్. పాత జపాన్ గేములు చాలావరకు మధ్య మైనస్. తంటా అంతా ఇక్కడే మొదలవుతుంది.

సెగా మెగా డ్రైవ్ సంగతే చూడండి. 1990ల నడుమ షా వాలెస్ ద్వారా మన దేశంలోనూ అమ్ముడైన కన్సోల్ ఇది. మొదటి మోడల్‌కి 9 వోల్టులు, 1.2 ఆంపియర్లు, మధ్య మైనస్. పిన్ను బయటి కొలత 5.5 మిల్లీమీటర్లు, లోపలి కొలత 2.1. అంటే రూటర్ పిన్ను అందులో చక్కగా, బిగువుగా దూరుతుంది. కానీ రూటర్‌ది 12 వోల్టులు, పైగా మధ్య ప్లస్. రెండు తప్పులు ఒకే పిన్నులో! అదే మెగా డ్రైవ్ రెండో మోడల్‌కి వచ్చేసరికి సెగా అంతా తిప్పేసింది. 9 నుంచి 10 వోల్టులు, 850 మిల్లీఆంపియర్లు, మధ్య ప్లస్, పిన్ను 4.75 మిల్లీమీటర్ల బయటి కొలతతో సన్నగా ఉంటుంది. కాబట్టి ‘మెగా డ్రైవ్ అడాప్టర్’ అని అడిగితే చాలదు, ఏ మోడలో చెప్పాలి. సెగావే చేతిలో పట్టుకుని ఆడే గేమ్ గేర్‌లలో చాలావాటికి ఈ రెండో మోడల్ అడాప్టరే సరిపోతుంది, అయినా చీటీ చూసుకోండి. సెగా పాత కన్సోల్ మాస్టర్ సిస్టమ్‌కి మాత్రం మొదటి మోడల్ తరహా మధ్య మైనస్, 9 వోల్టులే కావాలి.

రెండో మోడల్ పిన్నుతో ఇంకో ప్రమాదం ఉంది. పాత హెచ్‌పీ, కాంపాక్ ల్యాప్‌టాప్ ఛార్జర్లలో పసుపు రంగు మొన ఉన్న పిన్ను కొలత కూడా దాదాపు అంతే, 4.8, 1.7 మిల్లీమీటర్లు. అది కూడా మధ్య ప్లస్సే. తేడా ఏమిటంటే, అందులోంచి వచ్చేది 18.5 వోల్టులు. ఇంట్లో మూలన పడి ఉన్న ఆ ఛార్జర్ మెగా డ్రైవ్‌కి ‘అతికినట్టు’ పడుతుంది. దయచేసి పెట్టకండి.

వోల్టేజి ఎక్కువైతే ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం. ఈ కన్సోళ్లలో చాలావాటి లోపల 7805 అనే మూడు కాళ్ల రెగ్యులేటర్ ఉంటుంది. బయటి నుంచి ఎంత వచ్చినా దాన్ని 5 వోల్టులకు దించడం దాని పని. మిగిలిన వోల్టేజిని అది వేడిగా వదిలేస్తుంది. కన్సోల్ 700 మిల్లీఆంపియర్లు తీసుకుంటోందనుకోండి. 9 వోల్టుల అడాప్టర్ అయితే 4 వోల్టులు మిగులు, 2.8 వాట్ల వేడి. 12 వోల్టులదైతే 4.9 వాట్లు. 14 దాకా వెళ్తే 6.3 వాట్లు. అది బొటనవేలి గోరంత ముక్క, దాని వెనక ఒక అల్యూమినియం రేకు. మన ఊరి మే నెలలో గదిలోనే 40 డిగ్రీలు దాటుతుంటే ఆ రేకు వేడిని ఎక్కడికి వదలాలి? 7805కి వేడెక్కితే తనంతట తాను ఆగిపోయే గుణం ఉంది. అందుకే పావుగంటో ఇరవై నిమిషాలో ఆడాక బొమ్మ పోయి, చల్లారాక మళ్లీ వస్తుంటే గేమ్ పాడైందని తేల్చేయకండి, ముందు అడాప్టర్ వోల్టేజి కొలవండి. వోల్టేజి మరీ తక్కువైనా పని నడవదు. 7805కి కనీసం 7 వోల్టులు, ఇంకొంచెం పైన అందాలి. 6 వోల్టులది పెడితే ఎర్ర దీపం వెలుగుతుంది, గేమ్ మాత్రం నడవదు.

కరెంటు విషయంలో జనానికి ఉన్న భయం తలకిందులుగా ఉంటుంది. 1.2 ఆంపియర్లు కావలసిన చోట 2 ఆంపియర్ల అడాప్టర్ పెడితే కాలిపోతుందేమోనని వెనకాడతారు. వంద మందికి వండి పెట్టినా పదిమంది తినేది పదిమంది తిండే. కన్సోల్ తనకు కావలసినంతే తీసుకుంటుంది. ఎక్కువ ఉంటే నష్టం లేదు, తక్కువ ఉంటేనే నష్టం. 1.2 కావలసిన చోట 500 మిల్లీఆంపియర్లది పెడితే వోల్టేజి పడిపోతుంది, అడాప్టర్ కాగుతుంది, గేమ్ మధ్యలో మొదటికొస్తుంది.

ఇక నింటెండో. ఫామికామ్, ఎన్‌ఈఎస్, సూపర్ ఫామికామ్, సూపర్ నింటెండో అన్నీ ఈ కంపెనీవే. మన ఊళ్లో ఉన్న నింటెండోలు ఒక దేశానివి కావు. అమెరికా నుంచి అన్నయ్య తెచ్చినవి, దుబాయ్ నుంచి బాబాయి పంపినవి, సింగపూర్ సరుకు. ఏ దేశం పెట్టెకి ఆ దేశం అడాప్టర్. జపాన్ ఫామికామ్‌కీ సూపర్ ఫామికామ్‌కీ ఒకే అడాప్టర్. 10 వోల్టుల డీసీ, 850 మిల్లీఆంపియర్లు, మధ్య మైనస్, 5.5, 2.1 పిన్ను. అమెరికా ఎన్‌ఈఎస్‌కి వచ్చేది 9 వోల్టుల ఏసీ, 1.3 ఆంపియర్లు. అవును, ఏసీయే. దాన్ని డీసీగా మార్చే బ్రిడ్జి కన్సోల్ లోపలే ఉంటుంది. యూరప్ సూపర్ నింటెండో కూడా 9 వోల్టుల ఏసీతోనే నడుస్తుంది. అమెరికా సూపర్ నింటెండో మాత్రం 10 వోల్టుల డీసీ, దాని పిన్ను తీరు వేరు, మామూలు పిన్ను పట్టదు.

ఇందులో ఒకవైపు వెసులుబాటు, రెండోవైపు ప్రమాదం. ఏసీ కావలసిన ఎన్‌ఈఎస్‌కి 9 వోల్టుల డీసీ అడాప్టర్ పెట్టొచ్చు. లోపల బ్రిడ్జి ఉంది కాబట్టి ప్లస్ మైనస్ ఎటున్నా నడుస్తుంది. కానీ ఎన్‌ఈఎస్ ఏసీ అడాప్టర్‌ను తెచ్చి ఫామికామ్‌కో మెగా డ్రైవ్‌కో తగిలిస్తే, పిన్ను అదే కాబట్టి దూరుతుంది, లోపల ఉండే, ప్లస్ మైనస్ తారుమారైతే ఓర్వని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లకు సెకనుకి 50 సార్లు తలకిందులు వోల్టేజి తగులుతుంది. అవి ఉబ్బుతాయి, రెగ్యులేటరూ పోవచ్చు. సూపర్ ఫామికామ్ బోర్డు మీద ఎఫ్1 అనే 1.5 ఆంపియర్ల చిన్న ఫ్యూజు ఉంటుంది. తప్పు అడాప్టర్ పెట్టిన రోజున చాలాసార్లు అదొక్కటే పోతుంది. దాని స్థానంలో రాగి తీగ ముక్క అతికించి ఇచ్చేవాళ్లున్నారు. ఫ్యూజు కాపాడిన కన్సోల్‌ని రెండోసారి ఎవరు కాపాడాలి? 1.5 ఆంపియర్ల ఫ్యూజే వేయించుకోండి.

విదేశీ అడాప్టర్ అసలుదే ఉన్నవాళ్లకి ఇంకో మాట. జపాన్ అడాప్టర్ 100 వోల్టులది, అమెరికాది 120. మన గోడ ప్లగ్గులో 230. సన్నగా బల్లపరుపుగా ఉండే వాటి కాళ్లకు ‘కన్వర్టర్’ అని తెల్లటి ముక్కను అమ్ముతారు. అది కాళ్ల ఆకారాన్ని మారుస్తుంది, వోల్టులను కాదు. దాంతో పెడితే ట్రాన్స్‌ఫార్మర్ గుమ్మని మోగి, కొద్దిసేపటికి లోపలి చుట్టో, చుట్టలో దాచి ఉంచిన థర్మల్ ఫ్యూజో పోతుంది. జపాన్ పెద్ద ప్లేస్టేషన్ లాంటి వాటిలో విద్యుత్ బోర్డు కన్సోల్ లోపలే ఉంటుంది. టేపురికార్డర్ తీగ వాటికి పడుతుంది కదా అని 230కి తగిలిస్తే లోపల దాదాపు 325 వోల్టుల డీసీ తయారవుతుంది. అది 100 వోల్టులకు తగ్గట్టు వేసిన కెపాసిటర్ భరించేది కాదు. అసలు అడాప్టరే వాడాలనుకుంటే 230ని 110కి దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్, 100 వీఏది చాలు. ఇస్త్రీపెట్టెల కోసం అమ్మే తేలికపాటి ప్రయాణపు కన్వర్టర్లు వద్దు. అవి అలను కోసి పంపుతాయి, ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్లకు పడవు. మా సలహా అడిగితే ఈ బాదరబందీ ఎందుకు, సరైన వోల్టేజి ఇచ్చే 230 వోల్టుల అడాప్టర్ ఇక్కడే తీసుకోండి.

మరి ఇక్కడ మధ్య మైనస్, 9 వోల్టులది ఎక్కడ దొరుకుతుంది? వీడియో గేముల కొట్లో కాదు, సంగీత వాయిద్యాల కొట్లో అడగండి. పాత క్యాసియో కీబోర్డుల ఏడీ-5 అడాప్టర్ 9 వోల్టులు, 850 మిల్లీఆంపియర్లు, మధ్య మైనస్. ఫామికామ్, సూపర్ ఫామికామ్, మాస్టర్ సిస్టమ్‌లకు బాగా పనికొస్తుంది. 10 వోల్టులు రాసి ఉన్నచోట 9 ఇచ్చినా 7805కి సరిపోతుంది. కొత్త క్యాసియో కీబోర్డులతో వచ్చే 9.5 వోల్టులది మధ్య ప్లస్, పేరు చూసి పొరబడకండి. గిటార్ పెడల్ అడాప్టర్లు కూడా మధ్య మైనస్సే కానీ చాలావరకు 500 మిల్లీఆంపియర్ల లోపు. మెగా డ్రైవ్ మొదటి మోడల్‌కి అవి చాలవు.

అదీ దొరక్కపోతే 9 వోల్టులు, 2 ఆంపియర్ల మామూలు ఎస్‌ఎంపీఎస్ అడాప్టర్ (ఈ రోజుల్లో దొరికే తేలికపాటి రకం) కొని పిన్నులో ప్లస్ మైనస్‌లు తిప్పించుకోవచ్చు. పది నిమిషాల పని. అడాప్టర్‌ను గోడ నుంచి తీసేసి, పిన్నుకి జానెడు దూరంలో తీగ కోయండి. రెండు తీగలకూ హీట్ ష్రింక్ గొట్టం (వేడికి ముడుచుకుని అతుకును కప్పేది) ముందే ఎక్కించి పెట్టుకోండి, టంకం వేశాక గుర్తొస్తే మళ్లీ విప్పాలి. తీగలను ఒకదాని చోట ఇంకోటి వచ్చేలా మార్చి కలిపి టంకం వేయండి. రెండు అతుకులనూ ఒకే చోట కాకుండా అంగుళం ఎడంగా వేస్తే గొట్టం జారినా ఒకదానికొకటి తగలవు. తెల్ల గీత ఉన్న తీగ ప్లస్ అని అందరూ అంటారు, ఎక్కువగా అంతే, కానీ నమ్మి వదిలేయకుండా మీటరు పెట్టి చూడండి. మల్టీమీటర్ 20 వోల్టుల డీసీ మీద పెట్టి, ఎర్ర మొన పిన్ను లోపల, నల్ల మొన బయటి లోహం మీద ఆనించండి. అంకెకు ముందు మైనస్ గుర్తు వస్తే మధ్య మైనస్. డీసీ మీద సున్నా చూపించి, ఏసీ మీదికి తిప్పితే 9, 10 చూపిస్తే అది ఏసీ అడాప్టర్. పిన్ను తిప్పిన అడాప్టర్ మీద ‘మధ్య మైనస్’ అని పెద్దగా రాసి అంటించండి. లేకపోతే వచ్చే ఏడాది దాన్ని ఎవరో రూటర్‌కి పెడతారు.

పిన్ను లోపలి కొలత 2.1 కావలసిన చోట 2.5 పెట్టినా దూరుతుంది, వదులుగా. రిమోట్ తీగ కదిలినప్పుడల్లా గేమ్ ఆగిపోతుంటే ఇది ఒక కారణం. ఇంకోటి, కన్సోల్ సాకెట్ కాళ్ల దగ్గర టంకం పగలడం. పిన్నును మెల్లగా అటూ ఇటూ కదిపితే దీపం మిణుకుమంటే అడాప్టర్ కొనే ముందు ఆ టంకం మళ్లీ వేయించండి.

పాత ఎలిమినేటర్ల గురించి చెప్పకుండా వదలలేం. మూడు నుంచి పన్నెండు వోల్టుల దాకా జరిపే మీట, అన్ని సైజుల పిన్నుల గుత్తి, ప్లస్ మైనస్ మార్చే ఇంకో మీట ఉంటాయే, అవి. ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్లు, ఒక కెపాసిటర్, లోపల ఇంతే. 9 దగ్గర పెట్టి, ఏమీ తగిలించకుండా కొలిస్తే 13, 14 వోల్టులు కూడా చూపిస్తుంది. రాసిన కరెంటు లాగినప్పుడే అది 9కి దిగుతుంది. గోడలో వోల్టేజి పెరిగితే ఇదీ పెరుగుతుంది. నింటెండో, సెగా అసలు అడాప్టర్లూ ఈ తరహావే కాబట్టి ఆ 13 చూసి అసలుదాన్ని చెడిపోయిందని పారేయకండి. ఎలిమినేటర్‌తో వచ్చే చిక్కు వేరు. చాలావాటిలో కరెంటు 500 మిల్లీఆంపియర్లే, కెపాసిటర్ చిన్నది, పిల్లల చేయి తగిలితే మీట జరుగుతుంది. తెర మీద అడ్డంగా నీడ చారలు కదులుతూ, స్పీకర్లో గుయ్ మంటుంటే ఆ కెపాసిటర్ చాలడం లేదని గుర్తు. పాత అసలు అడాప్టర్లో అయితే అది ఎండిపోయి ఉంటుంది. లోపల ఉన్నంత సామర్థ్యమే ఉన్న 25 వోల్టుల కెపాసిటర్‌ను కాళ్లు సరిచూసి వేస్తే చారలు పోతాయి.

చీటీ చిరిగిపోయిన, అసలు చీటీయే లేని చైనా టీవీ గేములకు ఏం చేయాలన్నదే అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న. వీటిలో కొన్ని మధ్య ప్లస్, కొన్ని మధ్య మైనస్, ఒకే రకం డబ్బాలో కూడా లోపల బోర్డు మారుతుంది. కాబట్టి పక్కింటి గేమ్ అడాప్టర్ అరువు తెచ్చుకోవద్దు. అడుగున స్క్రూలు విప్పి మూత తీయండి. సాకెట్ దగ్గర్లో 7805 కనిపిస్తుంది. దాని వీపున ఉన్న లోహపు రేకు, మధ్య కాలు ఒకటే, రెండూ మైనస్. మీటరును బీప్ మీద పెట్టి, ఒక మొన ఆ రేకుకి, ఇంకో మొన సాకెట్ మధ్య పుల్లకి ఆనించండి. కూత వస్తే మధ్య మైనస్. మధ్య పుల్లకి రాకుండా సాకెట్ బయటి కాలికి వస్తే మధ్య ప్లస్. రెండింటికీ రాకపోతే నడుమ బ్రిడ్జి ఉండొచ్చు. పక్కపక్కనే నాలుగు డయోడ్లో, నాలుగు కాళ్ల నల్ల ముక్కో కనిపిస్తే ఏ దిక్కైనా ఫరవాలేదు. సాకెట్‌కి మూడో కాలు ఉంటుంది, పిన్ను దూర్చనప్పుడు మాత్రమే బయటి కాలితో కలిసి ఉండే స్విచ్ అది, దాన్ని చూసి కంగారుపడకండి. ఇదంతా కన్సోల్‌కి ఏ తీగా తగిలించకుండా చేయాలి. లోపల 7805 ఉన్నట్టయితే 9 వోల్టులు, 1 ఆంపియర్ అడాప్టర్ నిశ్చింతగా పెట్టొచ్చు. 7805 కనబడక, అంతా నల్ల మైనం చుక్క కింద ఉంటే అది 5 వోల్టులకే చేసినది కావచ్చు. అలాంటివాటికి 9 పెడితే చిప్పు పోతుంది, తిరిగి రాదు.

అన్నిటికీ ప్రత్యామ్నాయం ఉండదు. ప్లేస్టేషన్ 2 సన్నటి మోడళ్లలో 70000 సిరీస్‌కి 8.5 వోల్టులు, 5.65 ఆంపియర్లు. అది మామూలు మార్కెట్లో ఉండే వోల్టేజి కాదు, అచ్చంగా దాని కోసం చేసినదే వెతకాలి. అరచేతిలో తేలికగా అనిపించే నకిలీలు డిస్కు తిరగడం మొదలవగానే పడిపోతాయి. 90000 సిరీస్ అయితే ఈ బాధ లేదు, విద్యుత్ బోర్డు లోపలే ఉంది, తీగ చాలు. పీఎస్ వన్ చిన్న మోడల్‌కి 7.5 వోల్టులు, 2 ఆంపియర్లు, మధ్య ప్లస్. నింటెండో 64కి వచ్చే ఇటుకలాంటి అడాప్టర్ ఒకేసారి 3.3, 12 వోల్టులు రెండూ ఇస్తుంది, ఒక పిన్ను అడాప్టర్‌తో కుదరదు. అమెరికా కన్సోల్‌కైనా యూరప్ ఇటుక పడుతుంది, అది 230కి చేసినది కాబట్టి మనకు అదే మేలు. చేతిలో పట్టుకుని ఆడే పీఎస్‌పీకి 5 వోల్టులు, 2 ఆంపియర్లు, 4.0, 1.7 పిన్ను. దీన్ని మెగా డ్రైవ్ రెండో మోడల్ పిన్నుతో కలిపేయకండి, లోపలి కొలత ఒకటే, బయటిది వేరు.

కొన్న అడాప్టర్ రాసినంత కరెంటు ఇస్తుందా అని చూడటానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. రేడియో సామాన్ల కొట్లో 10 ఓములు, 10 వాట్ల తెల్ల సిమెంటు రెసిస్టర్ ఒకటి తీసుకోండి. 9 వోల్టుల అడాప్టర్‌కి తగిలిస్తే 0.9 ఆంపియర్లు లాగుతుంది. గచ్చు మీద పెట్టండి, చేత్తో పట్టుకోకండి, 8 వాట్లు వేడెక్కుతుంది. నిమిషం తరువాత మీటరు చూడండి. 2 ఆంపియర్లని రాసిన ఎస్‌ఎంపీఎస్ ఈ పాటి బరువుకే 7కి పడిపోతే దాని మీది అంకె అబద్ధం, కొట్టుకి తిరిగి ఇచ్చేయండి.

అమ్మేవారికి ఒక విన్నపం. 2012 నాటి తప్పనిసరి రిజిస్ట్రేషన్ ఉత్తర్వు కింద వీడియో గేములు, తరువాత అడాప్టర్లు కూడా వచ్చాయి. నిబంధన ప్రకారం తయారైనదాని మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ప్రమాణం సంఖ్య, ఆర్ అక్షరం తరువాత ఎనిమిది అంకెల నంబరు ఉంటాయి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ తయారీదారుకి ఇచ్చారో తెలుస్తుంది. నంబరు లేని సరుకులో గోడ వైపు చుట్టకీ, చేతికి తగిలే తీగకీ మధ్య ఉండవలసిన దూరం, ఇన్సులేషన్ ఉన్నాయో లేదో ఎవరూ చూడలేదన్నమాట. పిల్లలు తడి చేతులతో పట్టుకునే రిమోట్ అటువైపే ఉంది. అలాంటివి గల్లాపెట్టె దగ్గర గుత్తులుగా వేలాడదీయకండి. మరొకటి, అడాప్టర్ అమ్మేటప్పుడు నాలుగు వివరాలు చిన్న చీటీ మీద రాసి తీగకి చుట్టండి. ఏసీయో డీసీయో, వోల్టులు, ఆంపియర్లు, మధ్య ప్లస్సో మైనస్సో. మీటరు మీ కౌంటర్ మీదే ఉంటుంది, అర నిమిషం పని. కొనేవారు కూడా కన్సోల్‌ని సంచిలో మోసుకెళ్లక్కర్లేదు. అడుగున ఉన్న చీటీని, సాకెట్‌ని ఫోన్‌తో రెండు ఫొటోలు తీసుకెళ్తే చాలు.

ఇట్లు,
పాత ఎలక్ట్రానిక్ సామాన్లు బాగుచేసే కొందరు పాఠకులు,
గవర్నర్‌పేట, విజయవాడ.